స్పేర్లు లేని అల్మారా

పాశమైలారంలో కిర్బీ ఫ్యాక్టరీ ఉంది. ఇనుప షెడ్లు చేస్తారు. అక్కడ షెడ్డు నిలబెట్టరు. దూలాలు, స్తంభాలు, రేకులు విడివిడిగా కోసి, బెజ్జాలు పొడిచి, ముక్కముక్కకూ గుర్తు వేసి లారీలకెక్కిస్తారు. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో మేస్త్రి డ్రాయింగు ముందు పెట్టుకుని, గుర్తుకు గుర్తు కలిపి బోల్టులు బిగిస్తే పెద్ద కార్ఖానా లేచి నిలబడుతుంది. ఎద్దుమైలారం పోతే 1984లో పెట్టిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, సైన్యానికి బీఎంపీ-2 బండ్లు చేసింది అక్కడే. హైదరాబాద్ దిక్కు వస్తే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1960ల నుంచి టర్బైన్ల పని. పడమర దిక్కు జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్-నిస్సాన్ వ్యాన్లు తయారైన చోట ఇప్పుడు మహీంద్రా వాళ్ళున్నారు. ఈ బొంబాయి రోడ్డు పొడుగునా ఇనుముకు ఇనుము కూర్చోబెట్టడమే మా అందరి బతుకు.

ఇంత బతుకు బతికి ఇంటెనక చచ్చినట్టు, మా కోడలి అల్మారాకు పదిహేను మిల్లీమీటర్ల జింకు ముక్క ఒకటి దొరక్క నేను దుకాణాల వెంట తిరుగుతున్నాను.

నేను స్టోర్స్ మనిషిని. పటాన్‌చెరులో ఒక కంపెనీలో, ఉద్యోగమంతా స్పేర్ల మధ్యే గడిచింది. బేరింగులు, వీ-బెల్టులు, ఆయిల్ సీళ్ళు, కప్లింగ్ బుష్‌లు. ప్రతిదానికీ ఒక అర, ప్రతి అరకూ ఒక బిన్ కార్డు. రాత్రి షిఫ్టులో పంపు ఆగిపోతే ఫిట్టర్ పరుగెత్తుకొస్తాడు, నంబరు చెప్తాడు, కార్డు మీద సంతకం పెట్టి తీసుకుపోతాడు. ఆ ముక్క స్టాకులో లేదని చెప్పాల్సి రావడం మాకు తలవంపులు. అందుకే రిటైరైన తర్వాత కూడా ‘దొరకదు’ అన్న మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఈ మధ్య ఆ మాటే ఎక్కువ వింటున్నాను.

ఆ జింకు ముక్కను దుకాణాల్లో మినీఫిక్స్ అంటారు. పెట్టెల్లో పలకలుగా వచ్చి ఇంట్లో అల్మారాగా నిలబడే సామాన్లన్నిటికీ అదే ప్రాణం. ఒక పలక ఒంటికి బోల్టు బిగిస్తారు. రెండో పలక అంచులోంచి ఆ బోల్టు లోపలికి దూరుతుంది. అక్కడ గుండ్రటి గుంటలో ఈ ముక్క కూర్చుని ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి సగం తిప్పితే బోల్టు తలను పట్టుకుని రెండు పలకల్నీ దగ్గరికి లాగుతుంది. మేకు లేదు, జిగురు లేదు, బయటికి ఏమీ కనబడదు. ఆలోచన గొప్పదే, కాదనను. చేసింది ఇంజనీర్లే. కాకపోతే ఆ ముక్క పోతపోసిన జింకు. గట్టిగా తిప్పితే చీలుతుంది. రెండు మూడు ఇళ్ళు మారేసరికి అరిగిపోతుంది.

మావాడు బీరంగూడలో అద్దె ఫ్లాటు నుంచి అమీన్‌పూర్‌లో సొంత ఫ్లాటుకు మారాడు. ప్యాకర్స్ వాళ్ళు అల్మారాను చకచకా విప్పారు, అంతే చకచకా బిగించారు. మధ్యలో కొన్ని మినీఫిక్సులు పగిలాయి, కొన్ని పోయాయి, ఒక తలుపు కీలు పలకలోంచి పొట్టుతో సహా ఊడివచ్చింది. కోడలు నాతో, “మామయ్యా, మీరు స్టోర్స్‌లో చేసిన్రు కదా, జర చూడండి” అంది. అంతకంటే పెద్ద పిలుపు ఉంటుందా ఈ వయసులో?

మా రోజుల్లో, అంటే నేను పెరిగిన సంగారెడ్డి పక్క ఊళ్లో, ఇంట్లో కొయ్య సామాను అంటే మంచాలు, ఒక సందుగ, ఒక పీట. బట్టలకు దండెం. అల్మారా అంటే గోడలో వదిలిన గూడు, దానికి రెండు తలుపులు. అంతకుమించి ఉంటే వాళ్ళు దొరవారు. కాబట్టి అప్పట్లో అన్నీ టేకు కొయ్యతో చేసిన బ్రహ్మాండమైన సామాన్లని చెప్పే నా ఈడువాళ్ళ మాటలు నమ్మకండి. ఉన్నవాళ్ళకే టేకు. మాకు వేప, తుమ్మ, దొరికిన కట్టె. పురుగు పట్టేది. మంచం సందుల్లో నల్లులు. ఎండలో వేసి వేడినీళ్ళు పోస్తే తప్ప నిద్ర ఉండేది కాదు.

కానీ ఆ మంచాన్ని ఒకసారి సరిగ్గా చూడండి. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో నులక. కోళ్ళకు బెజ్జాలు, వాటిలో పట్టెల కొసలు. ఊరు మారాల్సి వస్తే నులక విప్పి, పట్టెలు ఊడదీసి, కట్ట కట్టి బండి మీద వేసేవాళ్ళు. ఇవాళ ఫ్లాట్-ప్యాక్ అని అమ్మేది అదే కదా. స్వీడన్‌లో ఐకియా మనిషి గిలిస్ లుండ్‌గ్రెన్ 1956లో బల్ల కారులో పట్టక కాళ్ళు ఊడదీశాడని, అక్కడి నుంచి ఈ పద్ధతి మొదలైందని చెప్పుకుంటారు. మంచిదే, కథ బాగుంది. మా తాత బండిలో పట్టక మంచం కోళ్ళు ఊడదీసినప్పుడు పక్కన ఎవరూ రాసుకోలేదు.

అసలు సంగతి ఊడదీయడంలో లేదు. కోడు విరిగితే ఏం చేసేవాళ్ళం? మిగిలిన మూడు కోళ్ళలో ఒకదాన్ని భుజాన వేసుకుని వడ్లాయన దగ్గరికి పోయేవాళ్ళం. ఏ ఊరి వడ్లాయన అయినా సరే. ఆయన దాన్ని తిప్పి చూసి, జానతో ఒకసారి, బద్దతో ఒకసారి కొలిచి, బాడిసె అందుకునేవాడు. మంచం ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, బిల్లు ఉందో లేదో అడిగేవాడు కాదు. కొలత మిగతా మూడు కోళ్ళలోనే ఉంది. మంచం ఎవరిదైతే కొలత వాళ్ళదే. కూలి అప్పటికప్పుడు ఇవ్వకపోయినా, పంట వచ్చాక కల్లంలో మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. అయితే ఆయన ‘రేపు’ అంటే ఎల్లుండి అని, ‘ఎల్లుండి’ అంటే పండుగ తర్వాత అని అర్థం చేసుకోవాలి. నాగళ్ళ పని వచ్చిందంటే మంచం మూలకు పోతుంది. కిందపడి పడుకున్న రాత్రులు చాలానే ఉన్నాయి. అయినా కోడు వచ్చేది.

తర్వాత పటాన్‌చెరు మారింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఈ దిక్కు కార్ఖానాల జోరు పెరిగింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం అన్నీ షెడ్లే. షిఫ్టు జీతాలు వచ్చాయి. జీతంతో పాటు ఇనుప బీరువా వచ్చింది. హైదరాబాద్‌లోనే ఆల్విన్ వాళ్ళుండేవాళ్ళు. 1942లో మొదలైన కంపెనీ. ఫ్రిజ్జులు, గడియారాలు, బస్సు బాడీలతో పాటు ఇనుప ఫర్నిచర్ కూడా చేసేవాళ్ళు. గోద్రెజ్ కొనలేనివాళ్ళు లోకల్ షాపులో రేకు బీరువా చేయించుకునేవాళ్ళు. మా ఇంట్లో ఇప్పటికీ ఒకటుంది. దాని తాళం చెవి పోతే పటాన్‌చెరు బస్టాండు దగ్గర తాళాలాయన లక్క అంటించి, ఆకురాయితో రాకి, గంటలో చెవి చేసి ఇచ్చాడు. హ్యాండిల్ ఊడితే వెల్డింగ్ షాపుకు పోయాను. కూర్చోమని కూడా అనకుండా పని చేసి పంపాడు.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పాలి, ఇది మా ఊరి గొప్ప, మా ఊరి తలనొప్పి కూడా. ఈ పెట్టె అల్మారాలు దేనితో చేస్తారు? కట్టె పొట్టు, చెక్క పేళ్ళు జిగురుతో కలిపి వేడి ప్రెస్సులో నొక్కి చేసిన పార్టికల్ బోర్డుతో. ఆ బోర్డు ఈ దేశంలో పెద్ద ఎత్తున తయారైన చోట్లలో పటాన్‌చెరు ఒకటి. జీవీకే వాళ్ళ నోవోపాన్ ఫ్యాక్టరీ ఇక్కడే. ఆ పేరు ఎంత పాకిందంటే వడ్రంగులు ఏ కంపెనీ పొట్టు బోర్డునైనా నోవోపానే అనేవాళ్ళు. దాని పేరు మీద సుప్రీంకోర్టులో ఒక కేసు కూడా ఉంది. పైన మెలమైన్ కాగితం అతికించిన బోర్డును ‘పైపొర లేని’ బోర్డు కింద లెక్కించి సుంకం రాయితీ ఇవ్వాలా వద్దా అన్నది తగాదా. 1994లో కోర్టు వద్దని తేల్చింది. రాయితీ నోటిఫికేషన్‌లో సందేహం వస్తే దాన్ని ప్రభుత్వం వైపే చదవాలని అందులో చెప్పింది. 2018లో ఐదుగురు జడ్జీలు కూర్చుని, ఇంకో కేసులో ఆ మాటనే నిలబెట్టారు. పన్నుల వకీళ్ళందరికీ నోవోపాన్ పేరు నోటికి వస్తుంది. పటాన్‌చెరు పొట్టు బోర్డు ఢిల్లీ దాకా పోయి న్యాయశాస్త్రంలో చేరింది.

కోర్టు పైపొర సంగతి తేల్చింది. నా ఇబ్బంది లోపలి పొట్టుతో. టేకులో దింపిన స్క్రూను తీసి మళ్ళీ అదే బెజ్జంలో దింపితే పట్టుకుంటుంది. నార పొడుగ్గా ఉంటుంది, కాస్త నలిగినా బిగుస్తుంది. పొట్టు బోర్డులో నార లేదు, జిగురు పట్టుకున్న పేళ్ళు మాత్రమే. స్క్రూ దిగేటప్పుడే వాటిని నలిపి తన దారి చేసుకుంటుంది. ఒకసారి ఊడివచ్చిందంటే ఆ దారంతా పొడి. బోర్డులకు ఐఎస్ 3087 అని ప్రమాణం ఉంది, పైన డెకరేషన్ కాగితం వేసినవాటికి ఐఎస్ 12823. స్క్రూను లాగి చూసే పరీక్ష ఉంది, పలక ముఖం మీద ఒకలా, అంచున ఇంకోలా. అంచు ఎప్పుడూ బలహీనమే. కానీ ఆ పరీక్ష మొదటిసారి దింపిన స్క్రూకు. ఇల్లు మారిన తర్వాత దింపే స్క్రూకు ఏ ప్రమాణమూ నాకు కనబడలేదు. అద్దె కొంపల్లో బతికేవాళ్ళకు కావలసింది ఆ రెండోసారి లెక్కే కదా.

నీళ్ళ సంగతి సరేసరి. పనిమనిషి తడిబట్టతో నేల తుడిచినప్పుడల్లా అడుగు పలక అంచు కొంచెం తాగుతుంది. ఒక వానాకాలం గడిస్తే అంచు పూరీలా పొంగుతుంది. తర్వాత దానికి స్పేరు దొరికినా ఏ బెజ్జమూ ఏ బెజ్జానికీ కలవదు.

సరే, కీలు కోసం బయలుదేరాను. పటాన్‌చెరులో నాకు తెలిసిన హార్డ్‌వేర్ షాపు. ముసలాయన పోయాడు, కొడుకు కూర్చున్నాడు, లోపల ఇంకో కుర్రాడు సామాను తీస్తాడు. ఊడిన కీలు బల్ల మీద పెట్టాను.

“ఏ క్రాంకు అంకుల్?”

“అంటే?”

“జీరోనా, ఎనిమిదా, పదహారా? తలుపు అల్మారా పక్కను మొత్తం కప్పుతదా, సగమా, లోపలికి కూర్చుంటదా?”

మొత్తం కప్పుతుందని చెప్పాను. జీరో క్రాంకు తెచ్చాడు. పక్కపక్కన పెట్టి చూస్తే గిన్నె సరిపోయింది. తలుపులోకి దిగే ఆ గుండ్రటి గిన్నె దాదాపు అన్ని కంపెనీలకూ 35 మిల్లీమీటర్లే, అక్కడిదాకా బాగుంది. గిన్నెకు అటూ ఇటూ ఉండే స్క్రూ బెజ్జాల దూరం దగ్గర తేడా వచ్చింది. ఒకరిది 45, ఒకరిది 48, ఇంకొకరిది 52. మాది 45. షాపులో ఉన్నవి 48, 52. కాస్త జరిపి కొత్త బెజ్జం వేస్తే పాత బెజ్జం అంచు తెగి రెండూ ఒకటైపోతాయి, పొట్టు బోర్డు కదా. అల్మారా పక్కకు బిగించే ప్లేటు వేరే కథ, కొత్త కీలు పాత ప్లేటు మీద క్లిక్ అనదు.

“ఏం చెయ్యాలె మరి?”

“కొత్త తలుపు చేయించండి అంకుల్. గిట్ల ఎవరు రిపేరు చేయిస్తున్నరు?”

మినీఫిక్స్ అడిగితే డబ్బా తీశాడు. డబ్బా మొత్తం కొనాలట. అది కూడా కలవలేదు. పదిహేను మిల్లీమీటర్ల వ్యాసం ఒకటే, లోతు వేరు. పద్దెనిమిది మిల్లీమీటర్ల పలకకు చేసినది పదహారు పలకలో కూర్చోబెడితే తల బయటికి తేలుతుంది. బోల్టు పొడుగు కూడా 24 ఒకరిది, 34 ఒకరిది. మా వడ్లాయనకు మిల్లీమీటర్లు తెలియవు, ఇంచికి ఎనిమిది సూతుల లెక్క ఒక్కటే తెలుసు. ఆరు సూతుల పలక అంటే జిల్లా అంతా ఒకటే పలక.

సికింద్రాబాద్ రాణిగంజ్ పోయాను. నట్లు, బోల్టులు, మిషను సామాన్లకు మా కంపెనీ రోజుల నుంచీ అదే మాకు కాశీ. అక్కడ ఇరవై ఏళ్ళ కింద ఆగిపోయిన మిషన్ల స్పేర్లు కూడా దొరుకుతాయి. ఫర్నిచర్ ముక్క చూపిస్తే, అది మా లైను కాదు సార్, సిద్ధిఅంబర్ బజార్ పొండి అన్నారు. అక్కడ జర్మన్ కంపెనీల కీళ్ళు, చానెళ్ళు, అన్నీ ఉన్నాయి. మా 45 కీలు కూడా ఉంది, మంచిది, ఖరీదైనది, ఒక జత. ప్లేటు కూడా మార్చాలన్నారు. ప్లేటు మారిస్తే అల్మారాలో పాత బెజ్జాలు కలవవు. తలుపుకు ఉన్న మిగతా కీళ్ళు పాతవి, ఇది కొత్తది. మూడు కీళ్ళ తలుపులో ఒక్కటి వేరేదైతే తలుపు ముక్కు ఒకవైపు వంకరపోతుంది.

పటాన్‌చెరుకు తిరిగొచ్చాక ఒక లేతు షాపుకు కూడా పోయాను. జాబ్ వర్కు చేసే టర్నర్, నాకు పాత పరిచయం. పంపు షాఫ్టుకు స్లీవ్ కావాలంటే మైక్రాన్లలో చేసి ఇచ్చే మనిషి. మినీఫిక్స్ చేతిలో పెట్టగానే నవ్వాడు. “సార్, ఇది డైలో పోసిన జింకు. లోపల వాలు చూడండి, తిరిగినకొద్దీ లాగేటట్టు ఉన్నది. ఇది లేతు మీద చెయ్యాలంటే సెట్టింగుకే నాలుగు వందలైతది. పది రూపాయల ముక్క సార్ ఇది.” నిజమే. పది రూపాయలది కాబట్టే ఎవరూ చెయ్యరు. లక్షల్లో పోసి డబ్బాల్లో అమ్మితేనే దాని ఖరీదు పది రూపాయలు. ఒక్కటి కావలసినవాడికి దానికి ఖరీదే లేదు.

ఇక మిగిలింది కంపెనీ. పేరెందుకు, అందరూ ఒకటే. మావాడు యాప్ తెరిచి ‘చాట్’ అన్నాడు. అవతల మనిషో మిషనో, తియ్యగా మాట్లాడింది. ఆర్డర్ నంబరు, ఫొటో అడిగింది. రెండూ పెట్టాడు. మీ మోడల్ ఇప్పుడు తయారు చేయడం లేదు, ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో కొత్త అల్మారా మీద తగ్గింపు ఇస్తామని చెప్పింది. కీలు అడిగితే అల్మారా ఇస్తానంటుంది! ఇదివరకు ఇట్లా ఉండేది కాదు. మా స్టోర్స్‌లో ఎవరైనా బేరింగు అడిగితే మిషను మార్చుకొమ్మని చెప్పి ఉంటే, ప్లాంట్ మేనేజరు నన్ను గేటు బయట నిలబెట్టేవాడు.

నిజానికి ఈ సామాన్లకు ఉమ్మడి కొలత లేదనుకుంటే పొరపాటు. యుద్ధం తర్వాత జర్మనీలో 32 మిల్లీమీటర్ల పద్ధతి అని ఒకటి కుదిరింది. అల్మారా పక్క పలకల మీద ఐదు మిల్లీమీటర్ల బెజ్జాలు వరసగా ఉంటాయి చూడండి, వాటి మధ్య దూరం 32, ముందు అంచు నుంచి 37. ఎవరి అర అయినా, ఎవరి చానెలైనా, ఎవరి ప్లేటైనా వాటిలో కూర్చోవాలన్నదే ఉద్దేశం. ఆ పద్ధతి పాటించి చేసిన సామానుకు స్పేరు దొరకడం అంత కష్టం కాదు. సొరుగుల చానెల్ విషయంలో ఇప్పటికీ ఆ సుఖం ఉంది. పద్నాలుగు ఇంచులు, పదహారు, పద్దెనిమిది అని అడిగితే సదాశివపేటలో కూడా తీసి ఇస్తారు. చవకగా కొట్టాలని బెజ్జాలు తగ్గించి, ఉన్నవాటిని తనకిష్టమైన చోటికి జరిపిన సామానుతోనే చావు. కొలత ఆ కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది. కంపెనీ మోడల్ మార్చగానే కొలత కూడా పోతుంది. రెండు కీళ్ళు మన దగ్గరే ఉన్నా, మూడోది చేయడానికి అవి పనికిరావు.

2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో ఐకియా దుకాణం తెరిచారు, దేశంలో వాళ్ళ మొదటిది. జనం తీర్థానికి పోయినట్టు పోయారు. మావాడు నన్ను కూడా తీసుకుపోయాడు. అక్కడి సోఫాలు నాకు గుర్తులేవు, ఒక బిగింపు పుస్తకం మాత్రం గుర్తుంది. అందులో మాటలు లేవు, అంతా బొమ్మలే. కానీ ప్రతి బోల్టు పక్కన ఆరంకెల నంబరు అచ్చువేసి ఉంది. ఆ నంబరు చెప్పి ముక్క అడగొచ్చు. ఆ కాగితాన్ని చూసి నాకు మా స్టోర్స్‌లోని కార్డెక్స్, అదే స్పేర్ల కార్డుల దొంతర, గుర్తొచ్చి మనసు తేలికపడింది. వాళ్ళను చూసి పుట్టుకొచ్చిన వాళ్ళలో చాలామంది బొమ్మలు తీసుకున్నారు, నంబర్లు వదిలేశారు. మా కోడలి అల్మారా కాగితంలో ‘ఎ’, ‘బి’, ‘సి’ అని ఉంది. ‘సి’ ఇవ్వండి అని ఏ దుకాణంలో అడగాలి?

ప్రభుత్వానికి ఈ బాధ అసలు పట్టలేదని అనను. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టింది. నాలుగు రంగాలు ఎంచుకున్నారు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు. ఫర్నిచర్‌ను విడిగా ఎక్కడా పేర్కొనలేదు. కొయ్య సామానుకు హక్కు ఎందుకు, వడ్రంగి ఉన్నాడు కదా అనుకున్నట్టున్నారు. పాపం, వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా టేకు బల్లలు ఉన్నాయేమో.

మా కంపెనీలో మిషను కొనేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. కొటేషన్‌లోనే రెండేళ్ళకు సరిపడా స్పేర్ల లిస్టు, ఒక్కోదానికి ధర, డ్రాయింగు నంబరు అడిగేవాళ్ళం. లిస్టు ఇవ్వని పార్టీ ఎంత చవకగా ఇచ్చినా ఫైలు ముందుకు కదిలేది కాదు. అదే మనుషులు సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్లో వేలు తోసి అల్మారా కొంటున్నారు. రంగు చూస్తారు, తగ్గింపు చూస్తారు, అద్దం ఉందా లేదా చూస్తారు. కీలు విరిగితే ఎవరిస్తారని అడిగినవాడిని నేను ఇంతవరకు చూడలేదు. బీహెచ్‌ఈఎల్‌లో పర్చేజ్ ఆఫీసరుగా చేసినాయన ఒకరు మా వాకింగ్ బ్యాచ్‌లో ఉన్నారు, ఆయన కూడా అడగలేదట. నేను అన్నప్పుడు, అవునయ్యా, మిషను కాదు కదా అన్నారు. స్క్రూలు, బోల్టులు, కీళ్ళు, చానెళ్ళు ఉన్నది మిషను కాకపోతే మరేమిటి?

చివరికి పని చేసినవాడు రాజస్థాన్ కుర్రాడు. అమీన్‌పూర్ ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్లు బిగిస్తాడు, స్కూటర్ డిక్కీ నిండా పనిముట్లు. అతని దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఎక్కడ కిచెన్ పీకేసినా, ఎక్కడ అల్మారా పారేసినా, కీళ్ళు, ప్లేట్లు, మినీఫిక్సులు ఊడదీసి అందులో వేసుకుంటాడు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా ఏరుకొస్తాడట. బిన్ కార్డు లేదు కానీ, నేను చూసిన మంచి స్టోర్స్‌లో అదొకటి. అందులో వెతికి వెతికి 45 కీలు ఒకటి పట్టాడు. ప్లేటుతో సహా. పొట్టు రాలిన బెజ్జాన్ని పెద్దది చేసి, గట్టి కొయ్య ముక్క ఫెవికాల్ పెట్టి దిగ్గొట్టి, మర్నాడు వచ్చి దాంట్లో స్క్రూ వేశాడు. అగ్గిపుల్లలు పెట్టి బిగించేవాళ్ళుంటారు, అది పండుగ దాకా కూడా నిలవదు. పోయిన మినీఫిక్సుల చోట లోపలి వైపు ఎల్-ఆకారం బ్రాకెట్లు వేశాడు. అందంగా లేవు. అల్మారా కదలడం లేదు.

కూలి ఎంత అంటే, “కబ్జే కా పైసా నై అంకుల్, కామ్ కా దో” అన్నాడు. నేను డబ్బా వైపే చూస్తున్నాను. అందులో కొన్ని కీళ్ళు కలిసిపోయి ఉన్నాయి, 45లు, 52లు ఒకే సంచిలో. విడివిడిగా పెట్టుకొమ్మన్నాను. మా ఇంట్లో పాత హార్లిక్స్ సీసాలు నాలుగిచ్చి, మూతల మీద నంబర్లు రాసి కూడా ఇచ్చాను. నవ్వి తీసుకున్నాడు. వాటిలో కీళ్ళే వేస్తాడో, చాయ్ పత్తి వేసుకుంటాడో అతని ఇష్టం.

దసరాకు డైనింగ్ టేబుల్ తెస్తారట. ఆరు కుర్చీలది, పెట్టెల్లో వచ్చేది. ఆర్డరు పెట్టేముందు బోల్టులూ మినీఫిక్సులూ ఇంకో రెండు సెట్లు అదనంగా ఇస్తారో లేదో కనుక్కొమ్మని మావాడికి చెప్పాను. డబ్బులు ఇద్దాం, ఊరికే వద్దు అన్నాను. ఫోన్ అటూ ఇటూ జరిపి చూశాడు.

“బాపూ, అట్లా ఆప్షన్ లేదు.”

“ఆప్షన్ లేకుంటే ఫోన్ చెయ్యి.”

“ఫోన్ నంబర్ కూడా లేదు బాపూ.”

“అయితే టేబుల్ వద్దు” అన్నాను. కోడలు వంటింట్లోంచి, అప్పటికే బుక్ చేశానని చెప్పింది.